మడతకుర్చీ

ఆదివారం ఊరి నడిబొడ్డునున్న పాతకాలపు గంటస్తంభం చూసొద్దామని తమ్ముడు భోజనాల దగ్గర తేల్చాడు. అందరూ పైదాకా ఎక్కుతారు. అక్క మాత్రం ఎప్పట్లాగే కింద మడతకుర్చీలో కూర్చుని సంచులకు కాపలా కాయాలి. ఎక్కడికెళ్లినా ఆ కొలువు ఆమెదే.

"నీ మోకాళ్లతో అన్ని మెట్లు ఎక్కలేవు కదక్కా."

ఈసారి అక్క ముసిముసిగా నవ్వింది.

"మీరెవరూ లేవకముందే రోజూ లిఫ్టు మానేసి డాబా మీదికి మెట్లెక్కుతున్నానురా. ఎక్కడా ఆగట్లేదు. నొప్పి మచ్చుకైనా లేదు."

"నిజంగా?" తమ్ముడి మొహం వెలిగిపోయింది. "ఎంత చల్లటి మాట చెప్పావక్కా!"

అక్కకి కళ్లు చెమర్చాయి.

అతను లేచి, గుమ్మం దగ్గర సిద్ధంగా పెట్టిన మడతకుర్చీని అటక మీదికి తోసేశాడు.

"పీడా వదిలింది. ఇంక దీన్ని మొయ్యక్కర్లేదు. సంచుల దగ్గర నిలబడే ఉండొచ్చు నువ్వు."