ఫ్రేములో మడత

బడి వాళ్ళు అతని భార్య పేరు మింగేశారు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆ సంగతి తేల్చడానికే పెయింటర్ ఆరో తరగతి గదిలోకి వచ్చాడు. ఒక చంకలో అక్షరం పడని రేకు బోర్డు, ఇంకో చంకలో గాజు ఫ్రేము, చేతిలో రంగు డబ్బా. పిల్లలు గభాలున లేచారు.

"కూర్చోండి. నేనేం మంత్రిని కాదు."

టీచరమ్మ ఎదురొచ్చింది. "బోర్డు రాసేశారా బాబాయిగారూ? రేపు పొద్దున్నే గోడకి బిగించాలి."

"రాయలేదు. రాయను." జేబులోంచి, బోర్డు మీద రాయమని ఆమె పంపిన చీటీ తీసి బల్ల మీద కొట్టాడు. 'బస్టాపు గోడ మీది కవిత. ముప్పై ఏళ్ళ నాటిది. కవి ఎవరో తెలియదు.' "తెలియకపోవడమేమిటి? మా ఆవిడ కట్టింది. ఆ గోడ మీద రాసింది నేను. ఆవిడ పేరు పెడితేనే బోర్డు."

నెల రోజులుగా ఆ క్లాసు పిల్లలు ఊళ్ళోని పాత రాతలన్నీ ఏరుతున్నారు. దుకాణాల బోర్డులు, రాతి పలకలు, గోడల మీది పద్యాలు. నల్లబల్ల మీద మూడు ప్రశ్నలున్నాయి. ఎవరు చెప్పారు? ఎలా తెలుసు? ఏం దాచారు?

మొదటి బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. క్లాసంతా దాన్ని లాయరమ్మ అంటారు.

"రుజువుందా తాతా?"

"నా మాటే రుజువు."

"మాట చెల్లదు. మొన్న మా నాన్న చెప్పిందే చెల్లలేదు."

పిల్లలు కిసుక్కుమన్నారు. పెయింటర్ ఫ్రేము తీసి టీచరమ్మ చేతికిచ్చాడు. "చేతిరాత మా ఆవిడది. పైకే చదవండి."

టీచరమ్మ చదివింది.

'పైనుంచి చూస్తే లోకమంతా నడినెత్తులే,
ఎవరు దొరో ఎవరు కూలో తెలియదు.
తలెత్తి చూసే మొహం ఒక్కటే,
అదొక్కటే నాకు తెలిసిన ఊరు.'

"భలే ఉంది," అన్నాడు వెనక బెంచీలో ఎవడో.

"ఉండక ఏం చేస్తుంది?" అన్నాడు పెయింటర్.

లాయరమ్మ కూర్చోలేదు. "నేనే కట్టానని ఆవిడ చెప్పారా?"

"ఎవరిదే ఇది అనడిగాను. నాదే అనుకోండి అంది."

"నాదే అన్నారా, అనుకోండి అన్నారా?"

"నీతో ఎలా వేగుతున్నారే తల్లీ ఇంట్లో!"

"ఆవిడ నిచ్చెన ఎక్కేవారా తాతా? ఇందులో పైనుంచి కదా చూస్తున్నారు?"

"నిచ్చెనా? రెండో మెట్టుకే కళ్ళు తిరిగేవి. నేనెక్కితే కింద నిలబడి పట్టుకునేది. పోయేదాకా, పాతికేళ్ళు పట్టుకుంది."

"మరి ఈ మాటలకి అర్థం..."

"నేను అక్షరం వంపు చూస్తాను. అర్థం చూస్తూ కూర్చుంటే రంగు కారిపోతుంది."

లాయరమ్మ ఫ్రేము దగ్గరికొచ్చి వంగి చూసింది. "కాగితం కింది అంచు మడిచి ఉంది. అందులో ఏముంది?"

"సరుకుల చీటీ. సబ్బులూ గట్రా. కాగితం ముక్క పారేసేది కాదు. ఫ్రేములో పట్టలేదని నేనే మడిచాను."

"చదివారా?"

"సబ్బుల గురించి చదివేదేముంది?"

ఆ పిల్ల నల్లబల్ల మీది మూడో ప్రశ్న వైపు వేలు చూపించింది. "అంచు కత్తిరించిన ఫోటో నమ్మొద్దని టీచరే చెప్పారు."

"ఊరుకోవే, పెద్దాయన," అంది టీచరమ్మ.

"ఎందుకూరుకోవాలి?" పెయింటర్‌కి ఒళ్ళు మండింది. పుట్టీ బ్లేడుతో ఫ్రేము మేకులు తనే పెరికాడు. "విప్పు. సబ్బులు లెక్కపెట్టుకో. తర్వాత మా ఆవిడ పేరు ఇక్కడే, మీ అందరి ముందే రాస్తాను."

లాయరమ్మ మడత విప్పింది. లోపల్లోపల చదువుకుంది. తలెత్తి అతన్ని చూసింది.

"ఏం, నోరు పడిపోయిందా? గట్టిగా చదువు."

"సబ్బులు రెండు. అగ్గిపెట్టెలు ఆరు."

"చెప్పానా!"

"ఇంకా ఉంది తాతా." ఆ పిల్ల గొంతు తగ్గింది. "'పై నాలుగు ముక్కలూ ఈయనవే. నిచ్చెన మీద బోర్డు దిద్దుకుంటూ తనలో తను పాడుకుంటుంటే కింద నిలబడి విన్నాను. మీవే అంటే సిగ్గుపడి గోడ మీద రాయరు. అందుకే చెప్పలేదు.'"

పెయింటర్ కాగితం తీసుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని ఒకసారి చదివాడు. పాత మడత మీదే మళ్ళీ మడిచాడు.

"మీ పేరు..." అని మొదలుపెట్టింది టీచరమ్మ.

అతను అప్పటికే బోర్డు బల్ల మీద పరిచి కుంచె ముంచాడు. 'కవి ఎవరో తెలియదు' అని చిన్న అక్షరాల్లో రాశాడు. దాని కింద, బస్సులోంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాల్లో, 'నిచ్చెన పట్టుకున్నది' అని రాసి భార్య పేరు పెట్టాడు.

"మొదటి లైను అబద్ధం కదా తాతా? రుజువు దొరికిందిగా!" అంది లాయరమ్మ.

పెయింటర్ డబ్బా మూత బిగించాడు.

"ఈ సంగతి ఇంక నా దగ్గర ఎత్తారో, మర్యాదగా ఉండదు. నేను మాత్రం చచ్చేదాకా ఎత్తను."