సున్నపు గీతల ఇల్లు

పొయ్యి తూర్పు గోడకు పెడితే పొగ పడకగదిలోకి పోతుందేమో అనుకుంటుండగా, ఆ గోడ ఇంకా లేదని సుంకులమ్మకు గుర్తొచ్చింది.

అది రక్షిత గడ్డిమైదానం కాబట్టి, ఆమె సొంత చేలో కూడా ఇంటికి అధికారులు అనుమతి ఇవ్వలేదు. కోర్టుకెళితే, ఆ రోజుల్లో అందరికీ చెప్పినట్టే అక్కడి యంత్రం ఆమెకూ చెప్పింది: నేల మీద సున్నంతో ఇల్లు గీసుకుని ఏడాది బతికి చూపండి, ఏ ప్రాణికీ చోటు లేకుండా చేయకండి, అప్పుడే అనుమతి. గడువు నేటితో తీరుతుంది.

ఆమె గీత దాటబోతే మొగుడు మద్దిలేటి నవ్వాడు. "గోడలోంచి రావాకు మే, దయ్యమనుకుంటారు!"

ఆమె చుట్టూ తిరిగి వాకిలిలోంచి వచ్చింది. మూడు వారాల కింద వంటగదిలో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. అప్పటినుంచి వంట ముందు గదిలోనే. అటు వెళ్తే పరాయి ఇంట్లోకి తొంగిచూసినట్టు ఆమెకు సిగ్గుగా ఉండేది.

కోర్టు ఫోన్ చేసింది. యంత్రమే అయినా గొంతు మెత్తగా ఉంది. "ఆఖరి ప్రశ్న. మీ ఇంట్లో మీరిద్దరే ఉంటున్నారా, అమ్మా?"

మద్దిలేటి గుసగుసలాడాడు. "ఊ అను. ఆ పిట్ట కూస్తేనే ఇల్లు పాడంటారు. దానికోసం ఇల్లే పోగొట్టుకుంటామా?"

ఏడాదిగా ప్రతి గోడనూ ఆమె మనసులో కట్టుకుంది. ఆ గోడల మధ్య ఇప్పుడు తీతువు రెక్కలు సర్దుకుని, కూసింది.

సుంకులమ్మ ఫోన్‌ను వంటగది వైపు తిప్పి పట్టుకుంది.