పూల ఆదివారం

పూల ఆదివారం నాడు మా వేల్స్‌లో సమాధులు కడిగి పూలు పెడతాం. అరవై ఏళ్లుగా కొండమీది శ్మశానంలో అమ్మ సమాధి కడిగేది నేనే. అన్న ఇద్వాల్ ఆ రోజు కూడా చేపల బుట్ట పట్టుకుని జలాశయానికి పోతాడు. ఒక్క చేప తెచ్చిన పాపాన పోలేదు.

ఇంగ్లండు వాళ్ల నీళ్ల కోసం ముంచిన మా ఊరు ఆ జలాశయం అడుగునే ఉంది. ఈ ఏడు ఆనకట్ట మరమ్మతుకని నీళ్లు వదిలేస్తే పాత శ్మశానం బయటపడింది. ఈ పూల ఆదివారం అన్న వెంట నేనూ వెళ్తే, బురదలో ఒక రాయి మీద అమ్మ పేరు కనిపించింది.

"అమ్మను కొండమీదికి మార్చారన్నావు కదన్నా?"

"తనని కదపొద్దని పోయేముందు మాట తీసుకుంది, నెస్తా. పైన ఉన్నది ఖాళీ పెట్టె. అమ్మ మునిగిపోతుందా అని ఆరేళ్ల పిల్లవి నువ్వు రోజూ ఏడుస్తుంటే ఏం చెప్పమంటావు?"

అన్న బుట్ట తెరిచాడు. నిండా పూలే.

రేపు మళ్లీ తూములు మూస్తారు.

"అమ్మ మునిగిపోతుందా అన్నా?" అన్నాను, అరవయ్యారేళ్లదాన్ని.