రెండు గీతల డబ్బా

"రెండు గీతలే. అంటే సబ్బుడబ్బా సైజు," అంటూ స్వర్ణకుమారి పంపు దగ్గరి గోడ మీద ఇటుకముక్కతో గీసిన గీతల్ని వేలితో తడిమింది. "సిన్న సిన్న కన్నాల్లో యెతక్కే. సెయ్యి పట్టే సందులు సూడు."

పక్క క్వార్టర్ దాలమ్మ నాలిక్కరుచుకుంది. ఆ గీతలు గీసింది తనే. డబ్బా దాచిందీ తనే. కంగారులో పెట్టిందేమో కెమెరా రీలు డబ్బా, గీసిందేమో రెండు గీతలు!

"సిన్నది కూడా అయ్యుండొచ్చు గదా పిన్నీ?"

"అలాగెలాగవుద్దే? ఒక గీతకి రీలు డబ్బా, రెండిటికి సబ్బుడబ్బా, మూడైతే కారేజీ గిన్నె, నాలుగైతే బిస్కెట్ల డబ్బా. యెతికేవోళ్లకి సెప్పేది సైజొక్కటే. అది కూడా తప్పు సెప్తే ఇంకేటి ఆట, నా బొంద!"

దాలమ్మ ఇంకో సందులో చెయ్యి పెట్టి వెతుకుతున్నట్టు నటించింది.

ఎనభై ఏడు జనవరిలో ఆమోసు దాలమ్మని పెళ్లి చేసుకుని టెక్కలి నుంచి ఖరగ్‌పూర్ తీసుకొచ్చాడు. తీసుకొచ్చాడు గానీ, గూడ్సు గార్డుకి ఇల్లెక్కడ, వాకిలెక్కడ? బండెక్కితే ఎప్పుడు దిగుతాడో ఆ బండికే తెలియాలి. టీవీ పెడితే బెంగాలీ. కూరలమ్మే దీదీతో బేరం వేళ్లతోనే. పొద్దస్తమానం నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. ఇలాగే ఉంటే గోడలతో మాట్లాడేస్తానేమోనని భయమేసేది పిల్లకి. ఆ క్వార్టర్ల వరసలో తెలుగు వినిపించే గుమ్మం స్వర్ణకుమారిదొక్కటే.

స్వర్ణకుమారి భర్త తిమోతి వర్క్‌షాపులో ఫిట్టరు. అంతకుముందు క్రిస్మస్‌కే పోయాడు. పిల్లల్లేరు. దాలమ్మ మొదటిసారి చూసినప్పుడు, ఆవిడ తిన్నగా కంచె దగ్గరికెళ్లి, ఆకుల చాటునుంచి ఒక కారేజీ గిన్నె తీసి గుండెకి హత్తుకుని నిలబడిపోయింది.

"ఏటది పిన్నీ?" అని పలకరించింది దాలమ్మ.

"మా ఇద్దరి ఆటే అమ్మా. ఒకరు దాయడం, ఒకరు యెతకడం. ఆయన పోయినాడు, డబ్బాలుండిపోయినాయి. అయ్యన్నీ ఏరుకుని తుని పోతాను, మా అక్క దగ్గరకి. ఇక్కడ నాకింకేటుంది?"

తర్వాతి డబ్బాల్నీ ఆవిడ అలాగే తిన్నగా వెళ్లి తీసేది. మొగుడి మనసు ఎంత తెలిసిన మనిషో అని దాలమ్మ ముక్కున వేలేసుకుంది. ఆ వెనకే గుబులు పట్టుకుంది. ఇలా తీసుకుంటూ పోతే డబ్బాలైపోవూ? పిన్ని తుని బండెక్కేస్తే తన గతేం కాను?

అందుకని తనే దాచడం మొదలుపెట్టింది. తన డబ్బాలకి మాత్రం పిన్ని వెతుక్కోవలసి వచ్చేది. నాకు దాచడం చేతకాదు మరి, అనుకునేది దాలమ్మ. పోయినాయన పేరు చెప్పి ఒంటరి మనిషిని ఆడిస్తున్నానని ఆదివారం చర్చిలో కళ్లనీళ్లు పెట్టుకునేది. సోమవారం మళ్లీ ఇంకో డబ్బా దాచేది.

ఇవాళ సబ్బుడబ్బా పట్టే ప్రతి సందూ చూశారు. ఏమీ లేదు. స్వర్ణకుమారి నడుం పట్టుకుని పంపు గట్టు మీద కూలబడింది.

"అయిపోయినట్టున్నాయే దాలమ్మా. ఆమోసు డూటీ దిగినాక తునికి టికెట్టు తియ్యమను."

దాలమ్మ పంపు వైపు చెయ్యి చూపించింది. "అయిపోనేదు పిన్నీ! ఆ పైపు ఎనకాల కన్నంలో సూడు!"

"అక్కడ సబ్బుడబ్బా ఎలాగ పడతాదే?"

"నా మాటిను, ఒక్కసారి సూడు!"

స్వర్ణకుమారి వేలు పెట్టింది. రీలు డబ్బా వచ్చింది. మూత తీస్తే ఇత్తడి బొత్తాం.

"గార్డు కోటు బొత్తాంలాగుందే. ఫిట్టరుకెక్కడిదీ?"

"మా ఆయనది కాదు!" అనేసింది దాలమ్మ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. "టేషన్లో ఎక్కడో దొరికుంటాది బాబాయికి."

"దొరికుంటాది," అంది స్వర్ణకుమారి. "గీతలు కూడా తప్పు గీసినాడు సూడు. ఒంట్లో బాగోనప్పుడు గీసుంటాడులే."

దాలమ్మ మూత తీసుకుని రీలు డబ్బాకి బిగించసాగింది.

"ఒలే, నువ్వూ నేర్సుకో. సిన్న డబ్బా పదిమంది తిరిగే సోటైనా దాగుద్ది. పెద్దదానికి మనుషులు పోని మూల గావాల. ముందు సైజు సూసుకోవాల, ఆనక సోటు, ఆఖర్న గీత. తిరగేసి సేస్తే ఇలాగే అవుద్ది."

"నాకెందుకు పిన్నీ అయ్యన్నీ?"

"ఊరికే సెప్పినాను. తెలిసుంటే మంచిదే గదా."

"మరి... తుని?"

స్వర్ణకుమారి బొత్తాన్ని కొంగున ముడేసుకుంది. "ఇన్ని దొరికినాయి గానీ, నాలుగు గీతలది ఒక్కటీ కనపడనేదే. అది దొరకనీ, టికెట్టు సంగతి అప్పుడు సూద్దాం."

దాలమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. పొయ్యి మీద పప్పుందని చెప్పి ఇంటికి పరుగెత్తి, ఉన్న బిస్కెట్లన్నీ పళ్లెంలో గుమ్మరించి డబ్బా ఖాళీ చేసింది. ఈసారి సైజు తప్పకూడదు, మనుషులు పోని మూల చూడాలి అనుకుంది. పాపం పిన్ని, చెప్పిందల్లా నమ్మేస్తోందని పైటతో కళ్లు తుడుచుకుంది.

తిమోతి బతికుండగా ఎప్పుడూ వెతికింది ఆయన, డబ్బాలు దాచింది స్వర్ణకుమారే.