పదిహేడో శాంపిల్

ఆమె పీహెచ్‌డీ వైవా ఇంకో పావుగంటలో ఉందనగా గైడు మళ్లీ అదే మాట అన్నాడు, పదిహేడో శాంపిల్ స్లయిడు తీసెయ్యమని. వచ్చిన పరీక్షకుడు ప్రతిదాన్నీ పీకి పాకం పెట్టే రకమట.

ఆమె తీయలేదు. అది ఆరేళ్ల పని. తేలికరకం ముడి చమురు సాంద్రత, ఉష్ణోగ్రత తెలిస్తే చాలు, దాని చిక్కదనం ఎంతో కొలవకుండానే చెప్పే సమీకరణం. సరిచూసుకోవడానికి ఆధారం ఒక పాత రిపోర్టు. అందులో అరవై శాంపిళ్ల కొలతలున్నాయి, కొలిచినవాళ్ల పేర్లు లేవు. యాభైతొమ్మిదింటికి ఆమె లెక్క ఇంచుమించు సరిపోయింది. పదిహేడోదానికి మాత్రం రిపోర్టులోని అంకె ఆమె లెక్కకి రెట్టింపు. ముప్పై ఏళ్లుగా అందరూ ఆ అంకె కోసం తమ సమీకరణాల్నే వంచుకుంటూ వచ్చారు. తప్పు కొలతదేనని రాసింది ఆమె ఒక్కతే.

పరీక్షకుడు తిన్నగా ఆ స్లయిడు దగ్గరికే వచ్చాడు. గంటసేపు అక్కడే నిలబెట్టాడు. కొలిచినవాళ్లకి పని రాదంటావా అన్నాడు. అంతమందికి కనపడనిది నీకెలా కనపడిందన్నాడు. బయట వరండాలో పాపని ఎత్తుకుని తిరుగుతున్న భర్త అడుగుల చప్పుడు వినిపిస్తోంది. గైడు తలొంచుకుని, సర్దిన కాగితాలనే మళ్లీ సర్దుతున్నాడు.

"అసలేం జరిగుంటుందంటావమ్మా?" పరీక్షకుడు చివరికి అడిగాడు.

"సాంద్రత సీసా తెరిచిన రోజే కొలిచారండీ. చిక్కదనం నాలుగు రోజుల తర్వాత. రిపోర్టు చివరి పేజీలో తేదీలున్నాయి. ఈలోపు తేలికభాగం ఆవిరైపోయి, మిగిలిన నూనె చిక్కబడి ఉంటుంది."

"అంటే, సీసాకి మూత సరిగా పెట్టలేదు."

"అవునండీ. అజాగ్రత్త."

ఆయన కళ్లజోడు తుడుచుకుని సంతకం పెట్టి, "శుభం, డాక్టరుగారూ" అన్నాడు.

గైడు ఆమె భర్తకి చెప్పడానికి బయటికి పరిగెత్తాడు. ఆమె కుర్చీలో కూలబడింది. చూస్తే, పరీక్షకుడి ముఖం తనకంటే తేటపడి ఉంది. దాంతో ధైర్యం వచ్చి, మిగతా యాభైతొమ్మిదింటి గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదేమని అడిగింది.

ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"పదిహేడోది కొలిచింది నేనేనమ్మా."