ఆరుకాళ్ల సాలీడు

కనకలక్ష్మి టీచరు ప్లగ్గు పీకేసి, ఏమీ ఎరగనట్టు సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

“కరెంటు పోయిందర్రా. పుస్తకాలు తీయండి.”

ఏడో తరగతి పిల్లలు తలలెత్తి పైకి చూశారు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

“పోలేదండీ టీచర్,” అంటూ మొదటి బెంచీలోంచి సింధూరి లేచొచ్చి ప్లగ్గు పెట్టేసింది. గోడకి బిగించిన పెద్ద టీవీలాంటి ప్యానెల్ వెలిగింది. అందులో పాఠాలు చెప్పే ఆవిడ నవ్వుతూ వచ్చింది. అంతసేపూ గోలచేస్తున్న పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

కనకలక్ష్మి పళ్లు కొరుక్కుంది.

కూచిపూడికి కాస్త అవతల ఉన్న ఆ హైస్కూల్లో ఆమె ఇరవై ఆరేళ్లుగా సైన్సు చెబుతోంది. ఈ పిల్లల్లో సగంమంది తల్లులకీ తనే చెప్పింది. నోరు తెరిస్తే చాలు, పది చేతులు లేచేవి. చేపలు నిద్రపోతాయా టీచర్, కాలవలో నీళ్లు పచ్చగా ఎందుకుంటాయి టీచర్ అని ఊపిరి తీసుకోనిచ్చేవారు కాదు.

ఇప్పుడు ఒక్క చేయీ లేవదు. ప్యానెల్‌ని అడిగితే జవాబు రాదు కాబట్టి దాన్ని అడగరు. తననేమో అడగడమే మర్చిపోయారు.

అంతా ఆ ప్యానెల్ మనిషి వల్లే. విజయవాడలో స్టూడియోలో తీశారు ఆ పాఠాలు. మొహానికి పౌడరు, దువ్వి బిగించిన జడ, అద్దిన నవ్వు. ఆవిడకి దగ్గు రాదు, గొంతు బొంగురుపోదు, మధ్యాహ్నం మూడింటికి విసుగు రాదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా మొదటిసారి చెప్పినట్టే చెబుతుంది. పక్కన బొమ్మలో గుండె కొట్టుకుంటుంటే, ఏనాడూ నోరు విప్పని పిల్లలు కూడా నాలుగు గదులూ వేలు పెట్టి చూపిస్తున్నారు. అబద్ధమెందుకు, పిల్లలకి బాగానే వస్తోంది. కనకలక్ష్మికి ఇంకా మండింది అందుకే.

“ఆవిడ పాఠాలు మొదలయ్యాక మన స్కూలు మాటే జిల్లా అంతా,” అన్నారు ఓ రోజు హెడ్‌మాస్టరు సొలొమోను గారు. “మీకేం కష్టమండీ. ఆవిడ చెప్పుకుంటది. మీరు పక్కన కుర్చీ వేసుకుని రికార్డులు రాసుకోండి.”

పక్కన కుర్చీ. ఇరవై ఆరేళ్లు నిలబడి చెప్పిన మనిషికి పక్కన కుర్చీ.

ఆవిడని దించాలి. దించి తీరాలి అనుకుంది.

రిమోటు తీసుకెళ్లి భూగోళం పటాల వెనక దాచింది. గంటలో వెతికి తెచ్చారు. తెర మీద గుడ్డ కప్పి, పాడైందని చెప్పింది. సింధూరి గుడ్డ తీసి మడత పెట్టి ఆమె చేతికే ఇచ్చింది.

అలాంటి రోజుల్లో పరీక్ష వచ్చింది. సాలీడుకి ఎన్ని కాళ్లు అన్న ప్రశ్నకి ముప్పై ఎనిమిది మందీ ఆరు అని రాశారు.

కనకలక్ష్మి పేపర్లు పక్కన పెట్టింది. బడి వెనక గోడ మీది సాలీడుని గాజుగ్లాసులో పట్టుకొచ్చి బల్ల మీద బోర్లించింది.

“లెక్కపెట్టండి.”

“ఎనిమిదండీ.”

“మరి ఆరెందుకు రాశారర్రా?”

“ప్యానెల్లో టీచర్ ఆరని చెప్పారండి,” అంది సింధూరి. “ఆ టీచర్ తప్పు చెప్పరు కదండీ.”

“నేను చెబుతానా?”

“మీరు ఒక్కోసారి మర్చిపోతారండి.”

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి వెళ్లాక కనకలక్ష్మి తలుపు మూసి, ప్యానెల్ ముందు ఒక్కతే కూర్చుంది. పురుగుల పాఠం పెట్టింది. తొమ్మిదో నిమిషంలో ఆవిడ చేతులు ఊపుతూ ఊపులో అనేసింది: చీమకి ఆరు, ఈగకి ఆరు, సాలీడుకి ఆరు.

వెనక్కి తిప్పి మళ్లీ వింది. మళ్లీ తిప్పింది. ఎన్ని నెలలకో ఆమె మొహాన నవ్వొచ్చింది.

“దొరికావే,” అంది తెరతో.

అటునుంచి అటే హెడ్‌మాస్టరు గదికి వెళ్లి, ఆ పాఠం మీద ఫిర్యాదు పెడతానంది. సొలొమోను గారు ముందు నవ్వారు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశారు.

“ఫిర్యాదంటే మాటలు కాదమ్మా. ఆవిడ పాఠాలన్నీ తీసేస్తారు. సంజాయిషీ అడుగుతారు. సర్వీసు పుస్తకంలో మచ్చ పడుద్ది.”

“పడనివ్వండి.”

“ఓ చిన్న మాట పొరపాటున జారిందండీ. ఏ టీచరుకి జారదు?”

“మిగతావాళ్లది నలభై మంది వింటారు. ఈవిడది రాష్ట్రమంతా వింటోంది.”

“పోనీ, ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క కోయించేద్దాం. ఆవిడని వదిలెయ్యండి.”

“వదలనండి.”

“ఆవిడ మీకేం చేసిందమ్మా అసలు?”

“నా పిల్లల్ని లాక్కుపోయింది.”

సొలొమోను గారు తల పట్టుకున్నారు. ఆఖరికి సొరుగులోంచి పై ఆఫీసువాళ్ల ఫిర్యాదు కాగితం ఒకటి తీసి ముందుకి జరిపారు.

కనకలక్ష్మి కలం తీసింది. తరగతి రాసింది. పాఠం పేరు రాసింది. తొమ్మిదో నిమిషం అని రాసింది. ‘ఫిర్యాదు చేసినవారు’ అన్నచోట పేరు రాసి సంతకం పెట్టింది.

ఇక మిగిలింది ‘తప్పు చెప్పిన టీచరు’ అన్న గడి ఒక్కటే.

పౌడరు రాయించుకుని, స్టూడియోలో ఆ పాఠం చెప్పింది తనే కాబట్టి, అందులోనూ తన పేరే రాసింది.