తోడు మాత్రలు

ఇంటి ముందరి కొట్లో దర్జీ కత్తెర ఆపకుండానే చెప్పాడు. "ఈసారీ సూదికి రాను. టీ ఆకు మాత్రలు వేసుకుంటున్నానుగా."

భార్యకు ఒళ్లు మండింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వేసే, మగ హార్మోన్‌ను అణిచే ఇంజెక్షన్‌ను అతను ఇప్పటికే ఒకసారి ఎగ్గొట్టాడు.

"డాక్టరమ్మ ఏమంది? కావాలంటే సూదికి తోడుగా వేసుకోమంది. సూది మానేసి వేసుకోమందా? వాటితో రోగం తగ్గుతుందని ఎవరూ తేల్చలేదని కూడా చెప్పింది. మీ చెవికెక్కితేగా."

అతను కత్తెర పక్కన పెట్టి, గుడ్డ మీద సుద్దతో గీసిన గీతనే మళ్లీ గీశాడు.

"అరిచి అరిచి నా గొంతు పోయింది. అసలు మీ బాధేమిటో చెప్పండి."

"ఆ సూది మొదలుపెట్టినప్పటి నుంచి నేను నీకు మొగుణ్ణి కాకుండా పోయాను," అన్నాడతను తలెత్తకుండా. "ఏ మొహం పెట్టుకుని నీ పక్కన పడుకోను? అందుకే కొట్లో పడుకుంటున్నాను."

తన మీద విసుగు పుట్టి పక్క మార్చాడని ఆమె ఇన్నాళ్లూ లోలోపల కుమిలిపోయింది.

"నాకు మొగుడంటే ఎదురుగా కూర్చుని పోట్లాడే మనిషి," అంది. "అది మీకు బాగానే చేతనవును. లేవండి, చొక్కా వేసుకోండి. ఆసుపత్రి నుంచి రాగానే కొట్లో ఉన్న ఆ పరుపు ఇంట్లోకి తెచ్చేయండి."